ఆకు చివకాలంటే ఆకే ఒప్పుకోవాలి

అడవికి ఎవరూ యూరియా చల్లరు. కొత్తగూడెం దాటి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్తుంటే దారికి అటూ ఇటూ టేకు, నల్లమద్ది, తునికి, ఏగిస చెట్లు కనిపిస్తాయి. వాటి మొదట్లో ఎవరూ ఒక్క డీఏపీ బస్తా కుమ్మరించలేదు. ఎండాకాలం ముందు అవి రాల్చుకున్న ఆకే మళ్ళీ వాటికి తిండి. మా నేలకొండపల్లి వైపు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ కాలువ నీళ్ళకింద వరి, చెరకు పండిస్తాం. చెలకల్లో పత్తి, మిరప వేస్తాం. కోత అయ్యాక మిగిలిన గడ్డిని, చెరకు ఆకును, పత్తికట్టెను తగలబెడతాం. ఆ తర్వాత అప్పు తెచ్చి ఎరువుల బస్తాలు కొంటాం.

జీవశాస్త్రం టీచరుగా పనిచేసినన్నాళ్ళూ ఈ తేడా గురించి పిల్లలకు చెబుతూ వచ్చాను. రిటైరయ్యాక రైతులకు చెబుతున్నాను. ఆకును కుళ్ళబెట్టేదెవరు అని అడిగితే పిల్లలు ఠక్కున సూక్ష్మజీవులు అంటారు. అది సగం జవాబే. ఏ ఆకు తొలి వానలకే చివకాలో, ఏ ఆకు ఏడాది గడిచినా మొండికెయ్యాలో చాలావరకు ఆ ఆకు రాలకముందే ఖాయమైపోతుంది. ఆకులో ఉన్న పదార్థాలే ఆ సంగతి తేలుస్తాయి. సూక్ష్మజీవులు విడిచే ఎంజైములు పనిచెయ్యాలా, ఆగిపోవాలా అన్నది ఆ పదార్థాల చేతిలోనే ఉంటుంది. ఇది తెలిస్తే మన పొలంలో ఏ ఆకుతో ఎలా మెలగాలో తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

అన్నమూ గడ్డీ ఒక్కటే సరుకు

ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ 1838లో రకరకాల మొక్కల భాగాలను రసాయనాలతో కడిగి చూశాడు. కర్ర అయినా, ఆకు అయినా, దూది అయినా చివరికి ఒకే పదార్థం మిగిలింది. దానికే సెల్యులోజ్ అని పేరు వచ్చింది. మొక్క శరీరాన్ని నిలబెట్టే పీచు అదే. భూమ్మీద ప్రాణులు తయారుచేసే పదార్థాల్లో దానంత విస్తారంగా దొరికేది మరొకటి లేదు. అదే పాయెన్ అంతకు ఐదేళ్ళ ముందు, 1833లో, మొలకెత్తిన గింజల నుంచి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే పదార్థాన్ని వేరుచేశాడు. దాని పేరు డయాస్టేజ్. మనిషి విడదీసి చూసిన మొదటి ఎంజైము అది. సెల్యులోజ్ కథా, ఎంజైముల కథా ఒకే మనిషి బల్ల మీద మొదలయ్యాయన్నమాట.

సెల్యులోజ్ అంటే గ్లూకోజే. వందల నుంచి పదివేల దాకా గ్లూకోజ్ ముక్కలు వరసగా కలిస్తే ఒక పోగు అవుతుంది. మనం తినే అన్నంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజ్ ముక్కల వరసే. తేడా ఒక్కచోటే ఉంది. ముక్కకూ ముక్కకూ మధ్య ముడి పడిన తీరు వేరు. అన్నంలోని ముడిని విప్పే ఎంజైము మన లాలాజలంలోనే ఉంది. గడ్డిలోని ముడిని విప్పేది మన ఒంట్లో ఎక్కడా లేదు. నిజానికి ఆవు ఒంట్లోనూ లేదు. ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. అందుకే ఒకే వరి మొక్కలో గింజ మన వాటా, గడ్డి పశువు వాటా అయింది.

పైగా సెల్యులోజ్ పోగులు ఒక్కొక్కటిగా ఉండవు. పక్కపక్కన చేరి, ఒకదాన్నొకటి బిగించుకుని, నీరు కూడా చొరబడనంత గట్టి కట్టలవుతాయి. నూలు చొక్కా ఎన్నిసార్లు ఉతికినా కరిగిపోదు. అది కూడా గ్లూకోజే మరి!

ఇంత గట్టి పీచు కూడా చివరికి మట్టిలో కలవాల్సిందే. మా ఊరి శివారులో బౌద్ధుల కాలం నాటి స్తూపం ఉంది. దాని ఇటుకలు శతాబ్దాలు దాటి నిలిచాయి. ఆ కాలపు మనుషులు ఇళ్ళ మీద కప్పిన గడ్డి, వాడిన కర్ర, తాటాకు మాత్రం మన దాకా రాలేదు. అవన్నీ మట్టిలో కలిసి మళ్ళీ చెట్లై, పంటలై ఉంటాయి. ఆ కలపడం ఆగిపోతే చెట్టు తీసుకున్న కార్బన్, నత్రజని ఆకుల్లోనే చిక్కుకుపోతాయి. కొత్త మొక్కకు తిండి ఉండదు.

మూడు ఎంజైములు, ఒక ఖర్చు

రాలిన ఆకు మీదికి చేరే బూజు, బ్యాక్టీరియా ఆకును అలాగే మింగలేవు. అవి ఎంజైములను బయటికి విడుస్తాయి. జీర్ణం బయట జరిగాక, కరిగిన చక్కెరను లోపలికి పీల్చుకుంటాయి. సెల్యులోజ్ మీద ముఖ్యంగా మూడు రకాల ఎంజైములు కలిసి పనిచేస్తాయి. మొదటిది ఎండోగ్లూకనేజ్. పోగును మధ్యలో అక్కడక్కడ తెంపుతుంది. రెండోది సెల్లోబయోహైడ్రోలేజ్. తెగిన కొసను పట్టుకుని రెండేసి గ్లూకోజ్ ముక్కలను ఊడదీస్తూ పోతుంది. మూడోది బీటా గ్లూకోసిడేజ్. ఆ జంటను విడగొట్టి ఒంటరి గ్లూకోజ్‌గా మారుస్తుంది. ఇవి కాక రాగిని పట్టుకుని, ఆక్సిజన్ సాయంతో గట్టి కట్టల మీదే దెబ్బ వేసే ఎంజైములు ఇంకొన్ని ఉన్నాయని 2010 తర్వాత తెలిసింది.

ఈ ఎంజైముల మీద పరిశోధన పెద్ద ఎత్తున జరగడానికి రెండో ప్రపంచ యుద్ధం కారణమైంది. దక్షిణ పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం వాడిన నూలు గుడారాలు, పటకాలు తేమకు తెగ చివికిపోయాయి. వాటిని తింటున్నదేమిటో చూడమని శాస్త్రవేత్తలను పురమాయించారు. సాలమన్ దీవుల నుంచి వచ్చిన కుళ్ళిన నూలుబట్ట మీద ఒక బూజు దొరికింది. సెల్యులోజ్‌ను విరగ్గొట్టడంలో దానికి సాటి లేదనిపించింది. దాన్ని జీవితమంతా అధ్యయనం చేసిన ఎల్విన్ రీస్ పేరు మీద 1977లో ఆ బూజుకు ట్రైకోడెర్మా రీసై అని పేరుపెట్టారు. ఈరోజు జీన్స్ ప్యాంట్లను మెత్తబరిచే ఎంజైమైనా, బట్టల సబ్బుపొడిలో కలిపేదైనా ఎక్కువగా ఇలాంటి బూజుల నుంచే వస్తుంది. మన మిరప రైతులకు ఈ పేరు కొత్త కాదు. ఎండుతెగులు, వేరుకుళ్ళు రాకుండా పశువుల ఎరువులో కలిపి వేసే ట్రైకోడెర్మా విరిడి పొడి దీని దగ్గరి చుట్టమే.

ఎంజైము అంటే ప్రోటీను. ప్రోటీను తయారు కావాలంటే నత్రజని కావాలి. బూజుకు అది ఖర్చు. బయటికి వదిలిన ఎంజైము తిరిగి రాదు. కాబట్టి సులభంగా దొరికే చక్కెర చుట్టూ ఉన్నంతసేపు చాలా బూజులు సెల్యులోజ్ ఎంజైములను దాదాపు తయారు చెయ్యవు. ఆకు తడిసిన మొదటి రోజుల్లో కరిగి వచ్చే చక్కెరలు, అమైనో ఆమ్లాలు అయిపోవాలి. ఆ తర్వాతే పీచు జోలికి వెళ్తాయి. వెళ్ళేముందు వాటికి మూడు అడ్డంకులు ఎదురవుతాయి. ఒకటి లిగ్నిన్. రెండు టానిన్. మూడు నత్రజని కొరత. ఆకుల మధ్య తేడాలన్నీ చాలావరకు ఈ మూడింటి దగ్గరే పుడతాయి.

తడిక మీద మట్టి

భద్రాచలం ఏజెన్సీలో కోయ ఇళ్ళ గోడలు చూసినవాళ్ళకు లిగ్నిన్ గురించి తేలిగ్గా చెప్పొచ్చు. వెదురు తడిక అల్లి, రెండు వైపులా మట్టి మెత్తుతారు. తడిక బలం ఇస్తుంది. మట్టి తడికను కాపాడుతుంది. చెదలు తడికను తినాలంటే ముందు మట్టిని దాటాలి. ఆకు ఈనెల్లో, కాడలో, కర్రలో సెల్యులోజ్ ఆ తడిక. లిగ్నిన్ దాని మీద మెత్తిన మట్టి. మూడు ఎంజైములూ సిద్ధంగా ఉన్నా, పోగును తాకలేకపోతే అవి చేసేదేమీ లేదు.

లిగ్నిన్‌లో సెల్యులోజ్‌లాగా ఒకే ముక్క వరసగా ఉండదు. గజిబిజిగా, రకరకాల ముడులతో అల్లుకుని ఉంటుంది. ఒక్క ముడికి సరిపోయే ఒక్క ఎంజైముతో దాన్ని విప్పడం కుదరదు. తెల్లకుళ్ళు తెచ్చే పుట్టగొడుగు జాతులు దానికి వేరే దారి పట్టాయి. పెరాక్సిడేజ్ అనే ఎంజైములను వదిలి, వాటితో పుట్టే చురుకైన అణువులతో లిగ్నిన్‌ను ఎక్కడికక్కడ కాల్చినట్టు తెగ్గొడతాయి. వాటిలో లిగ్నిన్ పెరాక్సిడేజ్ సంగతి 1983లో అమెరికాలో బయటపడింది. ఇంకొక రకానికి మాంగనీసు కావాలి. కాబట్టి ఆకులో మాంగనీసు ఎంత ఉందన్నది కూడా చివికే వేగాన్ని మారుస్తుంది. ఇంత చేసీ బూజుకు లిగ్నిన్ నుంచి దక్కే శక్తి కొంచెమే. లోపలి సెల్యులోజ్ కోసమే ఈ శ్రమంతా.

ఇదే పనిని మనిషి ఎలా చేస్తాడో చూడాలంటే భద్రాచలం వంతెనకు ఇవతల సారపాక ఉంది. 1979 నుంచి అక్కడ కాగితం మిల్లు నడుస్తోంది. ఖమ్మం జిల్లా రైతులు గెట్ల మీద, చెలకల్లో పెంచిన సుబాబుల్, జామాయిల్ కర్ర లారీల్లో వెళ్ళేది అటువైపే. కాగితం అంటే సెల్యులోజ్ పీచు. దాన్ని కర్రలోంచి బయటికి తియ్యాలంటే లిగ్నిన్‌ను కరిగించాలి. కాగితపు గుజ్జు మిల్లుల్లో సాధారణంగా కర్రముక్కలను ఘాటైన క్షారాల్లో వేసి, 160 డిగ్రీల వేడి దాటేదాకా ఒత్తిడితో ఉడికిస్తారు. వానాకాలంలో పడిపోయిన మద్ది మొద్దు మీద తెల్లటి బూజు మామూలు వేడిలో, చప్పుడు లేకుండా ఇంచుమించు అదే పని చేస్తుంది. దానికి టైము కావాలి, తడి కావాలి. అంతే.

మన ఎండలు కూడా కొంత సాయం చేస్తాయి. సూర్యకాంతిని లిగ్నిన్ బాగా పీల్చుకుంటుంది. ఆ దెబ్బకు కొంత విరుగుతుంది. అర్జెంటీనా శాస్త్రవేత్త ఏమీ ఆస్టిన్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని నిరూపించింది. ఎండ తగిలిన ఆకుల్లో లోపలి సెల్యులోజ్ ఎంజైములకు మరింత అందుబాటులోకి వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో మన అడవి నేల మీద పడి ఉన్న ఆకు చచ్చినట్టు కనిపించినా, జూన్ వానకు సిద్ధమవుతోందని నేను పిల్లలకు చెప్పేదాన్ని.

వగరు వెనక కథ

పచ్చి తునికి కాయ కొరికితే నోరు పట్టేస్తుంది. కరక్కాయ నమిలినా అంతే. ఆ వగరు టానిన్లది. టానిన్లు ప్రోటీన్లను పట్టుకుని గట్టిబరుస్తాయి. మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటే నోరు ఎండినట్టు అనిపిస్తుంది. తోలు శుద్ధి చేసేవాళ్ళు తరతరాలుగా తంగేడు చెక్కనూ, కరక్కాయనూ వాడింది ఇందుకే. పచ్చి చర్మంలోని ప్రోటీనును టానిన్ పట్టుకుంటే అది కుళ్ళని తోలవుతుంది.

బూజు వదిలిన ఎంజైమూ ప్రోటీనే. కాబట్టి టానిన్ దాన్నీ పట్టుకుంటుంది. పట్టుబడిన ఎంజైము చాలాసార్లు పనికి రాకుండా పోతుంది. అంతే కాదు, ఆకులో మిగిలిన ప్రోటీనును కూడా టానిన్ బిగించేస్తుంది. అందులోని నత్రజని సూక్ష్మజీవులకు అందదు. అంటే ఒకే దెబ్బకు ఎంజైమూ పోతుంది, కొత్త ఎంజైము చేసుకునే సరుకూ దొరకదు. చెట్టు ఇవి తయారు చేసుకున్నది పురుగుల నుంచి, పశువుల నుంచి ఆకును కాపాడుకోవడానికి. ఆకు రాలిన తర్వాత కూడా ఆ కాపలా కొన్నాళ్ళు కొనసాగుతుంది.

దాన్ని ముందుగా పలచబరిచేది వాన. ఎండిన మద్ది ఆకులను బకెట్ నీళ్ళలో నానబెట్టి చూడండి. తెల్లారేసరికి నీళ్ళు టీ రంగులోకి వస్తాయి. కరిగే టానిన్లు, ఇతర ఫీనాల్ పదార్థాలు అలా బయటికి వచ్చేస్తాయి. వాగుల్లో తొలకరి నీళ్ళ గోధుమరంగులో కొంత ఇదే. మిగిలినవాటిని ఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైములు విరగ్గొట్టాలి. వాటికి ఆక్సిజన్ తప్పనిసరి.

ఆక్సిజన్ అందకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లోని వేల్స్ పరిశోధకులు 2001లో నేచర్ పత్రికలో చూపించారు. అక్కడి చిత్తడి నేలల్లో వేల ఏళ్ళ నాటి మొక్కల అవశేషాలు చివకకుండా పేరుకుపోయి ఉంటాయి. నీట మునిగిన చోట ఫీనాల్ ఆక్సిడేజ్ పనిచెయ్యదు. ఫీనాల్స్ పేరుకుంటాయి. అవి సెల్యులోజ్‌ను విరిచే ఎంజైములతో సహా మిగతా ఎంజైములను అణిచేస్తాయి. మొత్తం కుళ్ళే పని ఒక్క ఎంజైము దగ్గర ఆగిపోతుంది. మన ఊళ్ళో వానాకాలం నీళ్ళు నిలిచిన పెంటగుంతలో ఆకు నల్లబడి, కంపు కొడుతూ, ఆకారం చెదరకుండా ఉండిపోవడం చాలామంది చూసే ఉంటారు. అక్కడా గాలి లేకపోవడమే పెద్ద లోపం.

నత్రజని అన్ని ఆకులకూ ఒకేలా మేలు చెయ్యదు

చెట్టు ఆకును పచ్చగా ఉండగా వదిలెయ్యదు. రాల్చేముందు అందులోని నత్రజనిలో ఇంచుమించు సగాన్ని కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది. ఆకు పసుపుబారడం ఆ లావాదేవీ గుర్తు. కింద పడే ఆకులో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. ఒక పాలు నత్రజనికి ఇరవై ఐదు పాళ్ళ దాకా కార్బన్ ఉంటే సూక్ష్మజీవులకు హాయి. వరిగడ్డిలో అది 60 నుంచి 80 పాళ్ళ దాకా ఉంటుంది. అప్పుడు అవి ఎంజైములు చేసుకోవడానికి నేలలో ఉన్న నత్రజనిని లాక్కుంటాయి. గడ్డి కలియదున్నిన వెంటనే నాటు వేస్తే పైరు పసుపుపచ్చగా కనిపించేది అందుకే.

మరి యూరియా చల్లితే సరిపోతుందిగా అని రైతులు అడుగుతారు. వరిగడ్డికి కొంత సరిపోతుంది. అన్నింటికీ కాదు. దీనికి నాకు తెలిసిన చక్కటి రుజువు 2000 సంవత్సరంలో ఎకాలజీ పత్రికలో వచ్చింది. అమెరికాలో మార్గరెట్ కరేరో, రాబర్ట్ సిన్సబా, వారి సహచరులు మూడు రకాల చెట్ల ఆకులు తీసుకున్నారు. డాగ్‌వుడ్ ఆకు మెత్తన, లిగ్నిన్ తక్కువ. ఓక్ ఆకు బిరుసు, లిగ్నిన్ ఎక్కువ. మేపుల్ ఈ రెంటికీ మధ్య. మూడింటికీ అదనంగా నత్రజని అందించారు. మూడింట్లోనూ సెల్యులోజ్ ఎంజైములు పెరిగాయి. డాగ్‌వుడ్ ఆకు త్వరగా చివికింది. మేపుల్ ఆకులో పెద్ద మార్పు లేదు. ఓక్ ఆకు మాత్రం మునుపటికంటే నెమ్మదించింది. కారణం ఏమిటంటే, నత్రజని దండిగా దొరికేసరికి ఓక్ ఆకు మీద లిగ్నిన్‌ను, ఫీనాల్స్‌ను విరిచే ఎంజైములు బాగా తగ్గిపోయాయి. తడికను కొరికేవి పెరిగినా, మట్టిని రాల్చేవి లేకపోయాయి.

అంతకు ముందే, 1982లో, జెర్రీ మెలిల్లో, ఆయన సహచరులు ఒక సూత్రం చెప్పారు. ఆకు రాలినప్పుడు అందులో లిగ్నిన్‌కూ నత్రజనికీ ఉన్న నిష్పత్తి చూస్తే అది ఎంత వేగంగా చివుకుతుందో చాలావరకు అంచనా వెయ్యొచ్చు. ఈ రెండు పరిశోధనలూ కలిపి చదివితే రైతుకు పనికొచ్చే మాట ఒకటి తేలుతుంది. లేత, మెత్తటి చెత్తకు నత్రజని ఊపు ఇస్తుంది. పత్తికట్టె, కందికట్టె, జామాయిల్ ఆకు లాంటి బిరుసు సరుకు మీద యూరియా గుమ్మరించడం డబ్బు వృథా కావచ్చు. దానికి కావలసింది ముక్కలు చెయ్యడం, తడి, గాలి, లిగ్నిన్ తినే బూజు.

దోమతెర సంచుల పాఠం

పీచును విరిచే శక్తిని ల్యాబుల్లో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. ఢిల్లీ ఐఐటీకి చెందిన టి.కె. ఘోష్ 1987లో దాన్ని ప్రపంచం కోసం క్రోడీకరించారు. ఒక సెంటీమీటరు వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పొడవున్న వడపోత కాగితం ముక్కను ఎంజైము ద్రవంలో వేసి, 50 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచుతారు. ఎంత గ్లూకోజ్ విడుదలైందో చూస్తారు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ దాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. మన దేశపు పేరు ఇందులో ఉందని చెప్పినప్పుడు పిల్లల కళ్ళు మెరిసేవి.

బడిలో మాకు ఆ సామాను లేదు. దోమతెర గుడ్డతో సంచులు కుట్టి, ఎండిన ఆకులను తూకం వేసి, వాటిలో పెట్టి, జూన్‌లో బడి వెనక గెట్టు కింద పూడ్చేవాళ్ళం. ప్రపంచమంతా శాస్త్రవేత్తలు చేసేది ఇంచుమించు ఇదే. దసరా సెలవుల ముందు తీసి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తూచేవాళ్ళం. గిరిపుష్పం ఆకు సంచిలో కాడలు తప్ప పెద్దగా మిగిలేది కాదు. పప్పుజాతి చెట్టు కాబట్టి నత్రజని ఎక్కువ, ఆకు పలచన. కానుగ ఆకు దాని వెనకే. టేకు ఆకు జల్లెడగా మారి, ఈనెలు మిగిలేవి. లిగ్నిన్ ఎక్కడుందో ఆ ఈనెలే చూపించేవి. జామాయిల్ ఆకు మాత్రం రంగు మారి, ఆకారం పోకుండా వచ్చేది. దాని పైపూత మైనం, లోపలి నూనెలు, ఫీనాల్స్, తక్కువ నత్రజని, అన్నీ కలిసి ఎంజైములను దూరంగా ఉంచుతాయి. ఒకసారి జామాయిల్ ఆకునూ గిరిపుష్పాన్నీ కలిపి ఒకే సంచిలో పెట్టాం. ఆ జామాయిల్ ఒంటరిగా ఉన్నదానికంటే మెత్తబడింది.

"మేడమ్, పక్కనున్నోడు మంచోడైతే మొండోడు కూడా మారతాడన్నట్టేగా?" అన్నాడు ఒక పిల్లాడు. పక్క ఆకు నుంచి నత్రజని, తడి, బూజు పోగులు ఇటు పాకి వస్తాయని వివరంగా చెప్పాను. వాడు ఇప్పుడు సొంత చెలకలో సాగు చేసుకుంటున్నాడు. చెలక గెట్ల మీద గిరిపుష్పం వేశాడు.

అడవిలో ఈ కలయిక తనంతట తానే జరుగుతుంది. పది రకాల ఆకులు ఒకదాని మీద ఒకటి పడతాయి. మెత్తవి జూలైకే కరిగి మొలకలకు తొలి తిండి అవుతాయి. బిరుసువి నేలను కప్పి తడిని ఆపుతాయి, ఆలస్యంగా కరిగి మరుసటి ఏడాదికి తిండి ఇస్తాయి. నెమ్మదిగా చివికే ఆకు చెడ్డదని నేను అనను. నేలకు రెండూ కావాలి. చెదలు కూడా ఇందులో పాలుపంచుకుంటాయి. మన పుట్టల్లోని చాలా చెదలు ఆకును, కర్రను మోసుకెళ్ళి లోపల బూజు తోటలు పెంచుతాయి. ఆ బూజే లిగ్నిన్‌ను మెత్తబరిచి సెల్యులోజ్‌ను వాటికి అందిస్తుంది. వానాకాలంలో పుట్ట మీద మొలిచే పుట్టకొక్కులు ఆ తోట నుంచి వచ్చినవే. వాటిని ఇష్టంగా కూర వండుకునే మనం, వాటిని పెంచే పుట్టను గడ్డపారతో తవ్వి పారేస్తుంటాం.

నిప్పు పెట్టేముందు

ఇప్పపూల కాలంలో చెట్టు కింద నేల కనబడాలని ఆకులు కాలుస్తారు. తునికి పొదలు కొత్త చిగురు వెయ్యాలని కాలుస్తారు. ఆ పూలు, ఆ ఆకు మీదే ఏడాది గడిచే కుటుంబాల అవసరం నాకు తెలుసు. వాళ్ళను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. చెట్టు కింద ఆకును కాల్చకుండా పక్కకు ఊడ్చి కుప్ప వేసుకునే వీలు, పూలు రాలే చోట వల పరుచుకునే వీలు వాళ్ళకు కల్పించాల్సింది మనందరం. ఎందుకంటే ఆకు కాలినప్పుడు బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి గానీ నత్రజనిలో ఎక్కువ భాగం గాలిలో కలుస్తుంది. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుంచి 8 కిలోల నత్రజని ఉంటుంది. అందులో చాలాభాగాన్ని పొగలో పోగొట్టి, అదే నత్రజనిని బస్తాల్లో కొంటున్నాం. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కార్బన్ 0.5 శాతం లోపు ఉంటే తక్కువ అని రాస్తారు. మన చెలకల్లో చాలావాటికి ఆ మాటే వస్తుంది.

ఆకు గుణం తెలిశాక చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. మెత్తటి ఆకునూ బిరుసు ఆకునూ పొరలు పొరలుగా వెయ్యండి. గిరిపుష్పం, కానుగ, పచ్చి కలుపు ఒక పొర. టేకు, జామాయిల్, చెరకు ఆకు మరో పొర. మధ్యలో పేడనీళ్ళు చల్లండి. అందులో సూక్ష్మజీవులూ ఉంటాయి, నత్రజనీ ఉంటుంది. గుంత తవ్వితే నీళ్ళు నిలవని మెరకలో తవ్వండి, నెలకోసారి తిరగేసి గాలి తగలనివ్వండి. పత్తికట్టెను యంత్రంతో ముక్కలు చేయించండి. ముక్క చిన్నదైతే ఎంజైములకు తగిలే పక్కలు ఎక్కువవుతాయి. టానిన్ ఎక్కువున్న ఆకును కుప్ప వేసేముందు ఒకటి రెండు వానలకు తడవనివ్వండి. జీలుగ, జనుము పూత దశ దాటకుండా కలియదున్నమని పెద్దలు చెప్పేది కూడా ఈ రసాయనం వల్లే. పూత దాటాక కాండంలో లిగ్నిన్ పెరుగుతుంది, పంటకు అందాల్సిన నత్రజని ఆలస్యమవుతుంది.

భద్రాచలం అడవి తన ఆకును తానే తిని బతుకుతోంది. మన పొలానికీ ఆ శక్తి ఉంది. దానికి కావలసిన బూజు, బ్యాక్టీరియా, చెదలు అన్నీ మన మట్టిలోనే ఉన్నాయి. వాటికి తిండి మిగల్చడం మన వంతు. ఈ ఏడాది కోత తర్వాత కనీసం ఒక్క మడిలోనైనా గడ్డికి అగ్గిపుల్ల గీయకండి. పక్క మడికీ దానికీ మట్టి పరీక్ష చేయించి, రెండు మూడేళ్ళు కార్డులు పక్కపక్కన పెట్టుకుని చూడండి. నా మాట నమ్మక్కర్లేదు, మీ కార్డులో అంకెను నమ్మండి.